మోకాలి నొప్పియు తపస్సేనా?

బెజవాడలో చెన్నై–కలకత్తా రహదారియు బందరు రోడ్డును ఒకదానినొకటి దాటుచోటు బెంజ్ సర్కిల్. అచ్చటినుండి బందరు రోడ్డు వెంట పడమరగా పోయినవానికి ఇంద్రకీలాద్రి పాదము చేరువ. తూర్పుగా కంకిపాడు, ఉయ్యూరుల మీదుగా పామర్రు చేరి, అక్కడ దారి మరలినవానికి కూచిపూడి కనబడును. ఒకచోట స్త్రీలు మెట్టుమెట్టునకు పసుపుకుంకుమలు దిద్దుచు, వంగుచు లేచుచు అమ్మవారి సన్నిధికి ఎక్కుదురు. మరియొకచోట బాలబాలికలు మోకాళ్ళు వంచి అరమండిలో నిలిచి, జతులకు అనుగుణముగా నేలను పాదములతో తాడించుదురు. ఉభయులకును ఆధారము మోకాలే. ఆ మోకాలు నొచ్చినప్పుడు, నొప్పిని లెక్కింపక పూనిన వ్రతమును సాగించుట తపస్సగునా, లేక ధర్మమునకు సాధనమైన దేహమును చేజేతుల చెరుపుకొనుటయగునా యను ప్రశ్న వేదాంతులకంటె ముందు సామాన్యుల ఇండ్లలోనే పుట్టినది.

దీనికి లోకము రెండు సమాధానములు చెప్పుచున్నది. నలువదియొక్క దినముల మండలదీక్ష పట్టి, ఎఱ్ఱని వస్త్రములు ధరించి, ఊళ్ళు దాటి కాలినడకను వచ్చు అమ్మవారి భక్తులైన భవానీలలో పెక్కుమంది, అలవాటు లేని నడక మోకాలిని పట్టుకొన్నను, “అమ్మవారే చూచుకొనును” అని ముందుకే సాగుదురు. ఇంటనున్న పెద్దలు మాత్రము, మెట్లెక్కవద్దు, క్రింద కూర్చుండవద్దు, సర్వమును మానివేయుమని ఉపదేశింతురు. మొదటిది శ్రద్ధవలె, రెండవది వివేకమువలె తోచును. నా మట్టుకు రెండును తొందరపాటులే.

ఏల యనగా, ముందు మోకాలి నిర్మాణమును చూడవలెను. మోకాలిచిప్ప క్రిందికొననుండి కాలియెముకకు దిగు దృఢమైన స్నాయుబంధము ఒకటి కలదు. తొడకండరముల బలమంతయు దాని ద్వారానే కాలికి సంక్రమించును. ఆ బంధము చిప్పను అంటుచోట నొప్పి జనించుట గెంతువారియందును, పరుగెత్తువారియందును, హఠాత్తుగా శ్రమను హెచ్చించినవారియందును పరిపాటి. మెట్లు దిగునపుడు అది పొడుచును. పనిలో పడినపిమ్మట కొంత సడలి, మరునాటి ఉదయము హెచ్చి కనిపించును. పూర్వము వైద్యులు దీనిని కేవలము వాపుగా భావించిరి. ఇప్పుడు, ఓపికకు మించిన భారముచేత కొల్లాజన్ పోగుల అల్లిక చెదరుటయే ప్రధానమని గ్రహించుచున్నారు. కావుననే వాపు నణచు మందు నొప్పిని కొన్నాళ్ళు మరపించునే గాని పోగులను కూర్పజాలదు. 2009లో డెన్మార్క్ వైద్యులు పరీక్షించి చూడగా, మూడు నెలలకు స్టెరాయిడ్ సూది వేయించుకొన్నవారును వ్యాయామము చేసినవారును ఇంచుమించు సమానముగా తేరుకొనిరి; అర్ధసంవత్సరము గడచునప్పటికి సూదినే నమ్మినవారు వెనుకకు జారిరి. సంపూర్ణవిశ్రాంతి మాత్రము ఔషధమా? భారమెరుగని స్నాయువు నానాటికి దుర్బలమగును. కావున విశ్రాంతిలో మాయమైన నొప్పి, మరల పనిలోనికి దిగిన తొలివారముననే తలుపు తట్టును.

చికిత్స మొదటి దశలో చేయవలసినది, గెంతులను, లోతైన గుంజీళ్ళను తగ్గించి, కదలికలేని భారమును అలవరచుట. గోడకు వీపానించి, నొప్పి ఓర్చుకొనదగినంత లోతున మోకాళ్ళు వంచి, కుర్చీలో కూర్చున్నట్లే నిలిచి, ముప్పాతిక నిమిషము కదలకుండుట. నడుమ విశ్రమించుచు నాలుగైదు మారులు. మన బడిపంతుళ్ళు దండనగా విధించిన గోడకుర్చీయే నేడు చికిత్సయై వెలసినది! ఆ పంతుళ్ళకు ఈ సంగతి తెలిసియుండినచో బెత్తము ప్రక్కన బెట్టి ఇంకెంత గర్వించియుందురో. పిదప, దినము విడిచి దినము, మెల్లగా దిగి మెల్లగా లేచు బరువైన వ్యాయామము, అటుపిమ్మటనే గెంతులు. ఏలయన, భారమునకు లోనైన తొలిదినమున స్నాయువులో నిర్మాణముకంటె విచ్ఛేదమే అధికము. నిర్మాణము దాని వెనుక వచ్చును. చేయునపుడు కొద్దిపాటి నొప్పి దోషము కాదు. మరునాటి ఉదయమునకు అది పూర్వస్థితికి రాకున్న, మోసిన బరువు మితిమీరినదని తెలియవలెను.

ఇక ధర్మశాస్త్రమేమనును? భగవద్గీత పదునేడవ అధ్యాయమున, దంభాహంకారములతో శాస్త్రవిహితము కాని ఘోరతపస్సు చేసి దేహమును కృశింపజేయువారిని శ్రీకృష్ణుడు ఆసురనిశ్చయులలో చేర్చినాడు. అమరావతి స్తూపము నెలకొన్న ఈ కృష్ణాతీరము ఎరిగిన మరియొక కథ బౌద్ధులది: సోణుడను సుకుమారుడు భిక్షువై, పాదములు నెత్తురోడునంతవరకు చంక్రమణము చేసి, ఫలము కానక ఇల్లు చేరగోరగా, బుద్ధుడు అతని పూర్వపు వీణావాదనమును జ్ఞప్తికి తెచ్చి, తంత్రి మిక్కిలి బిగిసినను, మిక్కిలి సడలినను నాదము పలుకదుగదా యని బోధించెను. తిరుమల దారిలోని మోకాళ్ళ పర్వతమును రామానుజులు మోకాళ్ళతో ఎక్కిరను ఐతిహ్యమును కొందరు ఇచ్చట ఎదురు చూపుదురు. అయితే ఆ కథలోని భావము, పవిత్రమైన కొండకు పాదము తగులరాదను వినయము. నొప్పి అందు నైవేద్యము కాదు.

ఇంద్రకీలాద్రి కథయే ఇందుకు ప్రబలసాక్ష్యము. అర్జునుడు తపస్సు చేసినది ఈ కొండమీదనే యని మనవారి నమ్మకము. ఆ తపస్సు ముగిసిన వెంటనే అతడు కిరాతరూపుడైన శివునితో బాహాబాహి పోరాడి పాశుపతమును పొందెను. తపస్సు అతని కండరములను, కీళ్ళను పాడుచేసియుండినచో ఆ ద్వంద్వయుద్ధమెక్కడిది, ఆ వరమెక్కడిది?

కూచిపూడి గురువులు అడుగులను మొదటి కాలమున, పిమ్మట రెండవ కాలమున, తుదకు మూడవ కాలమున సాధన చేయింతురు. ప్రథమకాలమున స్థిరపడని పాదమునకు మూడవ కాలము నీయరు. స్నాయుచికిత్సయు ఇట్టిదే, వారములలో కాదు, నెలలలో ఫలించును. వైద్యుల ప్రణాళికలు సామాన్యముగా పన్నెండు వారములకు తగ్గవు. ఫలమును దినదినము తూచుకొనువాడు మూడవ వారముననే విసిగి మానివేయును. తొందర కూడదనుటకు మరియొక హేతువు కలదు. 2013లో డెన్మార్క్ శాస్త్రజ్ఞులు, అణ్వస్త్రపరీక్షలచే వాయువునందు కలిసిన కర్బనమును ఆధారముగా గొని, పెద్దవారి మడమస్నాయువు గర్భభాగము యౌవనారంభమున ఏర్పడినది ఏర్పడినట్లే నిలిచియుండునని కనుగొనిరి. దేహము మార్చుకొనదగు వస్త్రమనువారికిని, ఈ జన్మకు ఈ పోగులే గతి.

కావున దీక్ష యిచ్చు గురుభవానీలకును, నాట్యాచార్యులకును, స్టేడియములో పిల్లలను పరుగెత్తించు శిక్షకులకును ఒక విన్నపము. మాల వేయుటకు ముందు, అరంగేట్రమునకు తేదీ నిర్ణయించుటకు ముందు, మోకాలు ఎట్లున్నదని ఒకమాట అడుగుడు. నడకయాత్ర తలపెట్టినవారిని రెండు మూడు నెలల ముందే నడక మొదలిడి, వారము వారము కొంచెము కొంచెముగా పెంచుకొనుమనుడు. టక్కుమని చప్పుడై కాలు చాపలేకపోయినను, మోకాలు ఎఱ్ఱబారి జ్వరము వచ్చినను, ఆ పూటనే వైద్యుని వద్దకు పంపుడు. అది వ్యాయామముతో తీరునది కాదు.