ఎలుకయెడ మన ఋణము

సికింద్రాబాదును ఆనుకొనియున్న బేగంపేటలో 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రోనాల్డు రాస్ అను సైనికవైద్యుడు ఒక దోమకడుపును చీల్చి సూక్ష్మదర్శినితో పరికించుచు, మలేరియా జ్వరమునకు హేతువగు సూక్ష్మజీవి దానిలో పెరుగుచుండుటను కనుగొనెను. ఆ దోమకు తన రక్తమును త్రావనిచ్చినవాడు హుసేన్‌ఖాన్ అను రోగి. దోమకొక అణా చొప్పున పుచ్చుకొని యతడు కాటునకు సమ్మతించెను. మఱుసటి సంవత్సరము రాస్ కలకత్తాలో తన పరిశోధనను పక్షులపై సాగించి, రోగముతోనున్న పక్షిని కుట్టిన దోమ ఆరోగ్యముగానున్న పిచ్చుకను కుట్టినచో దానికిని రోగమంటునని ఋజువు చేసెను. 1902లో రాస్‌నకు నోబెల్ బహుమానము లభించెను. హుసేన్‌ఖానునకు అణాలు ముట్టెను. పిచ్చుకలకేమి ముట్టెను? ఈ ప్రశ్న పరిహాసముగా తోచవచ్చును. కాని దీనికి ప్రత్యుత్తరము చెప్పకుండ తప్పించుకొనుట ధర్మము కాదని మా యభిప్రాయము.

ఆనాడు పిచ్చుకలున్న స్థానమున నేడు విశేషముగా ఎలుకలున్నవి. సికింద్రాబాదునకు చేరువనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో నీలగిరులయందలి కూనూరులో రాబర్టు మెక్కారిసన్ బెరిబెరి వ్యాధినిగూర్చి ఆరంభించిన చిన్న పరిశోధనయే పెరిగి పెద్దదై, 1958లో ఇచ్చటికి తరలివచ్చి, 1969లో ఈ పేరు దాల్చినది. కూనూరులో మెక్కారిసన్ మనదేశమునందలి వేర్వేఱు ప్రాంతములవారి భోజనములను ఎలుకలకు పెట్టి చూచెను. గోధుమరొట్టెలు, పాలు, పెరుగు, కూరలు తిన్న ఎలుకలు పుష్టిగా పెరిగెను. మర పట్టిన తెల్లబియ్యమే ప్రధానముగాగల దక్షిణాదివారి భోజనమును తిన్న ఎలుకలు క్షీణించెను. మన విస్తరిలోని లోపమును మనకంటె ముందు ఎలుక తన దేహముతో చెప్పినది.

తార్నాకలో జరిగిన పరిశోధనలలో రెండింటిని ఇచ్చట పేర్కొనెదము. మొదటిది రోగమునుండి కాపాడు పదార్థమును పరీక్షించినది. ఎలుకలకు మందిచ్చి మధుమేహము కలుగజేసి, కొన్నింటికి ఆహారములో నూటికి అరపాలు పసుపు కలిపి పెట్టిరి. పసుపు తిన్నవాటి రక్తములో చక్కెర తగ్గలేదు గాని, కంటిలో శుక్లము ముదురుట ఆలస్యమైనదని 2005లో ప్రకటించిరి. అంతకు రెండేండ్లముందు, మఱొకరీతిగా శుక్లము కలిగించిన ఎలుకలకు పసుపులోని సారమును స్వల్పముగా పెట్టినప్పుడు మేలు కలిగెను. మోతాదు పెంచగా శుక్లము ఇంకను శీఘ్రముగా ముదిరెను. వంటింటి వస్తువు గదా యని పసుపును దోసిళ్లతో మ్రింగువారు ఈ రెండవ సంగతిని మఱువరాదు.

రెండవది గర్భమునకు సంబంధించినది. తల్లియెలుకల యాహారములో విటమినులను, ఖనిజలవణములను తగ్గించి, వాటి సంతానమును పెద్దవగువఱకు పరీక్షించిరి. తల్లి కొఱత పిల్లల శరీరములో కొవ్వుగా మాఱి కనబడెను. పుట్టిన పిదప మంచి యాహారము పెట్టినను ఆ మార్పులలో కొన్ని పూర్తిగా సరిపడలేదు. ఇక మనోవ్యథను గూర్చియు ఇట్టి పరిశోధనలు ఇతరదేశములలో జరిగినవి. ఎలుక గర్భము మోయు కాలము మూడువారములు. ఆ కాలములో, ముఖ్యముగా చివరివారమున, చూలియెలుకను కదలుటకు వీలుకాని యిఱుకు గొట్టములో దినమునకు మూడు పర్యాయములు, పర్యాయమునకు ముప్పావుగంటసేపు బంధింతురు. దాని పిల్లలు పెద్దవైన పిమ్మట క్రొత్తతావునకు వెఱచును. భయమువలన దేహములో స్రవించు రసము వాటి రక్తములో త్వరగా తగ్గదు. అయితే ఇట్టి పిల్లలను పుట్టినవెంటనే మఱొక తల్లి పెంపకమునందుంచినప్పుడు ఆ దోషము తొలగినదని 1995లో ఫ్రాన్సుదేశపు పరిశోధకులు తెలిపిరి. కడుపులో తగిలిన దెబ్బకు ఒడిలో మందు దొరకినదన్నమాట.

ఇచ్చటనే చిక్కు కలదు. ఎలుక మనకు సాటిజీవి కాదందుమా, దానివలన మనము నేర్చుకొనునది యేమియు లేదు. సాటిజీవియే యందుమా, దాని బాధయు మన బాధవంటిదే యగును. తల్లి వ్యథ బిడ్డకు సంక్రమించునని తెలిసికొనుటకు ఒక తల్లిని వ్యథపెట్టినాము. ప్రయోగమెంత సఫలమో, దాని పాపము అంత స్పష్టము. ఈ ముడిని విప్పకయే కొందఱు దయ పేరిటను, కొందఱు విజ్ఞానము పేరిటను దాటిపోవుచున్నారు.

దయాపక్షమువారు, ఏ ప్రయోజనమునకైనను ప్రాణిని హింసింపరాదందురు. వారి మనస్సు మెత్తనిది. మేము దానిని గౌరవింతుము. కాని తమ బిడ్డకు టీకా వేయించునప్పుడు, తల్లికి మధుమేహపు మందు తెచ్చునప్పుడు, అవి యే ప్రాణులపై పరీక్షింపబడి తమ వాకిటికి వచ్చినవో వారు విచారింపరు. ఫలమును అనుభవించుచు దాని పుట్టుకను నిందించుట న్యాయమా? మఱియు ధాన్యపుగదిలో దూరిన ఎలుకకు బోను పెట్టని గృహస్థు లెందఱు? విజ్ఞానపక్షమువారు, మనుష్యునికి మేలు కలుగునన్నచో ఎన్ని ఎలుకలు చచ్చినను చింతలేదందురు. వీరికొక సంగతి జ్ఞాపకము చేయవలసియున్నది. 1957 మొదలు జర్మనీలో థాలిడోమైడ్ అను నిద్రమందు అమ్మబడెను. గర్భిణుల వేవిళ్లకును దానిని వాడిరి. 1961లో దానిని మానిపించునప్పటికి, కాలుసేతులు వంకరలైయో అసలే లేకయో పుట్టిన శిశువులు లోకములో పదివేలకు మించిరని అంచనా. తరువాత పరీక్షించి చూడగా, ఆ మందు ఎలుక సంతానమునకు అట్టి కీడును దాదాపుగా చేయలేదు, కుందేళ్లకు చేసెను. కావున ఎలుక చెప్పినదెల్ల మనుష్యునికి వర్తించుననుటయు వట్టి భ్రమయే. సాక్షి చెప్పగలది కొంత, చెప్పలేనిది కొంత. ఆ భేదమెఱుగక సాక్షిని చంపుట మాత్రము మిగులును.

అయినచో మేము చెప్పునదేమి? ఇట్టి ప్రయోగములు మనకు హక్కు కావు, అప్పు. హక్కుగలవాడు తన యిచ్చవచ్చినట్లు వాడుకొనును. అప్పుతెచ్చినవాడు ఎంత తెచ్చితిని, ఎందులకు తెచ్చితిని, ఎట్లు తీర్తునని లెక్క చూచుకొనును. ఈ యప్పునకు మూడు షరతులు కలవు. జవాబు తెలిసిన ప్రశ్ననే మరల మరల ప్రాణులపై అడుగరాదు, ఇది మొదటిది. అడుగకతప్పని ప్రశ్నను సాధ్యమైనంత తక్కువ ప్రాణులతో, సాధ్యమైనంత తక్కువ బాధతో అడుగవలెను, ఇది రెండవది. 1959లో ఇంగ్లండులో రస్సెల్, బర్చ్ అను నిద్దఱు పండితులు ఈ న్యాయమునే గ్రంథరూపమున స్థాపించిరి: వీలైనచో ప్రాణికి మాఱుగా వేఱుసాధనమును గ్రహించుట, సంఖ్యను తగ్గించుట, వేదనను తగ్గించుట. మనదేశమునను 1960లో జంతుహింసానివారణ శాసనము పుట్టినది. ప్రయోగములను పర్యవేక్షించు సంఘము దానివలన నేర్పడుటకు వీలుకలిగినది. నేడు ప్రతి ప్రయోగశాలకును ఒక నీతిసంఘముండవలెను. అందు పశువైద్యుడును, శాస్త్రవేత్త కాని సామాజికుడొకడును కూర్చుండవలెను. ఎన్ని ఎలుకలు, ఎందులకు, ఎట్టి బాధ అని వారు అడిగి ఒప్పుకొన్న పిమ్మటనే ప్రయోగమునకు అనుజ్ఞ.

మూడవ షరతు మాత్రము ఏ శాసనములోను లేదు. అది ప్రయోగశాలకు వెలుపల, మన యిండ్లలో నెఱవేరవలసినది. దొరకిన జవాబును వాడుకొనవలెను. వాడుకొననిచో ఆ ప్రాణులకు పెట్టిన బాధకు విజ్ఞానమను పేరు చెల్లదు. క్రూరత్వమనియే దాని పేరు.

మాఱేడుపల్లిలో మాకు తెలిసిన గృహస్థుడొకడు కలడు. చీమకును హాని తలపెట్టడు. ఇంట బోనులో పడిన ఎలుకను చంపనీయక, తానే ఎత్తుకొనిపోయి దూరముగా విడిచివచ్చును. ఒకనాడు మేము వారియింటికి పోయినప్పుడు ప్రయోగశాలల ప్రస్తావన వచ్చెను. చూలియెలుకను గొట్టములో బంధింతురని విని యాయన కన్నులు చెమర్చినవి. ‘‘ఎంత పాపము! అదియు ఒక తల్లియే గదా!’’ అనెను. ఆ సమయమున ఆయన కోడలు మాకు కాఫీ తెచ్చినది. ఆమెకు ఏడవ నెల. తెల్లవాఱుజామున లేచి, ఇంటివారికి ఫలాహారములు చేసి, మగవారు తిన్న పిమ్మట అత్తగారు, అత్తగారు తిన్న పిమ్మట తాను అను నియమముచొప్పున, పండ్రెండు గంటలైనను ఆమె యింకను భోజనము చేయలేదు. ఈ సంగతి ఆయన చెప్పలేదు; మా యింటి స్త్రీలు లోపలికి పోయి తెలిసికొనివచ్చిరి. ఆయన దుర్మార్గుడు కాడు. చూడనేర్వలేదు, అంతియే. ఎలుక గొట్టమును తలచి యేడ్చిన కన్నులకు వంటింటి గడప కనబడలేదు.

ఈ కథ ఒక్కయింటిది కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో, మనదేశపు గర్భిణులలో నూటికి 52 మంది రక్తహీనతతో నున్నట్లు తేలినది. తెలంగాణములో 2015లో ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకముచొప్పున గర్భిణులకు అంగన్‌వాడీలో పాలతోను గ్రుడ్డుతోను ఒకపూట నిండుభోజనము పెట్టుట నియమము. ఆ యన్నమును ఇంటికి పంపక అచ్చటనే కూర్చుండబెట్టి తినిపించుటయందలి సూక్ష్మమును మన గృహస్థులు యోచింపవలెను. ఇంటికి పోయినచో అది పదిమంది విస్తళ్లలో పంచబడును. చివరికి ఎవరికొఱకు వచ్చినదో ఆమెకు గిన్నె యడుగే మిగులును. ప్రయోగశాలలో ఎలుకకు ఆహారము తగ్గింపవలెనన్నచో నీతిసంఘము కారణ మడుగును. మన యింటిలో కోడలికి తగ్గింపవలెనన్నచో అడుగువారెవరు?

ఇచ్చట మఱొక హెచ్చరిక అవసరము. గర్భకాలపు లోపములు బిడ్డకు తగులునను మాట చెవినిబడగానే, ‘‘అయితే తప్పు తల్లిదే’’ యని తీర్పు చెప్పుటకు మనవారు సిద్ధముగానుందురు. బిడ్డ బలహీనముగా పుట్టినను, చదువులో వెనుకబడినను, ‘‘నీవు కడుపుతోనున్నప్పుడు ఏడ్చితివి, అందువలననే’’ అని ఆమెనే దెప్పుదురు. ఇంతకంటె విపరీతార్థము లేదు. ఎలుక తనంతట తాను గొట్టములో దూరలేదు. చేతులు పట్టి దూర్చినవి. దాని గిన్నెలో కొఱతను అది కోరలేదు. వేఱొకరు తూచి తగ్గించిరి. ప్రయోగము నేర్పిన నీతి తల్లికి కాదు, తల్లిచుట్టునున్న చేతులకు. ఎలుక దేహములో జరిగినదంతయు మనుష్యదేహములోను అట్లే జరుగునని మేమనము; థాలిడోమైడ్ కథ విన్న పిమ్మట అట్లనువాడు అవివేకి. కాని చూలాలికి కడుపునిండ అన్నము, కంటినిండ నిద్ర, మనస్సునకు నెమ్మది కావలెనని ఒప్పుకొనుటకు ఇంకెన్ని ఎలుకల సాక్ష్యము కావలెను?

కావున చదువరులారా, మీ యింట ఒక గర్భిణి యున్నచో, విస్తరి మొదట ఆమెకు వేయుడు. ఇనుము మాత్రలు ఆమెకు అందుచున్నవో లేదో ఆమె భర్తయే కనిపెట్టి చూడవలెను. అది స్త్రీల పని యని ప్రక్కకు తొలగరాదు. నీళ్లబిందె యింకొకరెత్తుడు. మగబిడ్డను కనవలెనను మాట ఆమె చెవిని పడనీయకుడు. ప్రసవించిన పిమ్మట బిడ్డ నెత్తుకొనుటకు నాలుగు చేతులు ముందుకు రావలెను. ఒడిలోనుండి మేలు కలుగునని పెంపుడుతల్లులైన ఎలుకలు చూపినవి గదా. ఇవి ధర్మకార్యములని గొప్పలు చెప్పుకొనవలసిన పనిలేదు. తెచ్చిన యప్పునకు వడ్డీ కట్టుట మాత్రమే. అసలు తీర్పగలమో లేదో మాకు తెలియదు. వడ్డీయైనను కట్టని యింట ఆ మూగతల్లి పడిన వేదనకు లెక్క చెప్పవలసినవారు ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞులు కారు, మనమే.