ఆనకట్టకు ముందు, ఆనకట్ట తర్వాత

"గోదావరి డెల్టా మీద కాటన్ ఆనకట్ట ప్రభావం" అని పైన శీర్షిక, దాని కింద ముందుమాట, చారిత్రక నేపథ్యం, నిర్మాణం, ఫలితాలు, ముగింపు. ఎమ్మే చరిత్ర చివరి సెమిస్టరులో ఇరవై పేజీల పరిశోధన పత్రం ఇవ్వాలని, ఒక అమ్మాయి ఇలా ప్లాను వేసుకుని తెచ్చింది.

"బాగుందా మాస్టారూ?"

"ఇందులో ప్రశ్న ఏదమ్మా?"

"ప్రభావం ఏమిటన్నదే కదండీ ప్రశ్న."

"దానికి జవాబు తెలుసా నీకు?"

"తెలుసండీ. కరువుతో మాడిన నేల అన్నపూర్ణ అయింది. మా కోనసీమలో ఎవర్నడిగినా చెబుతారు."

"తెలిసినదాన్ని వెతకడం దేనికి మరి?"

కాసేపు ఆలోచించి తిరిగి నన్నే అడిగింది. "తెలియనిదాన్ని మాత్రం ఎలా వెతుకుతామండీ? ఏం వెతకాలో కూడా తెలియదు కదా."

ప్లేటో రాసిన 'మెనో'లో సోక్రటీసుకు ఎదురైన ప్రశ్న ఇదే. ఆమె ఆ పుస్తకం చదవలేదు. తనంతట తాను ఆ చోటికి చేరుకుంది. అక్కడి సమాధానం కన్నా నాకు మన నైయాయికుల దారి ఎక్కువ ఇష్టం. గౌతముడు చెప్పిన పదహారు పదార్థాల్లో ప్రమాణం, ప్రమేయం అయ్యాక మూడోది సంశయం. నిర్ణయం ఎక్కడో తొమ్మిదోది. మునిమాపువేళ దూరంగా ఏదో నిలబడి ఉంది, అది మోడో మనిషో తెలియడం లేదు: సంశయానికి వాళ్ళు చెప్పే పాత ఉదాహరణ ఇది. అక్కడేదో ఉందని తెలుసు, ఏముందో తెలియదు. అంతా తెలిసినవాడికి సంశయం రాదు, బొత్తిగా తెలియనివాడికీ రాదు.

"అయితే నాకు సంశయం రావాలంటే ముందు చదవాలి. మీరేమో ముందు ప్రశ్న అంటున్నారు. ఏది ముందండీ?"

"మోటు ప్రశ్నతో కొంత చదువు. చదివింది ఆ ప్రశ్నను చెక్కుతుంది. చెక్కిన ప్రశ్నతో మళ్ళీ చదువు. అందుకే ప్లాను ఒక్కసారి రాస్తే చాలదు. నువ్వు తెచ్చినది విషయసూచిక. ప్రశ్న తేలకుండానే అధ్యాయాలు కుదిరిపోయాయి."

"చదివానండీ. 1847లో పని మొదలైంది, 1852లో పూర్తయింది. శిస్తు పెరిగింది, జనం పెరిగారు. గెజిటీరులో అంకెలే ఉన్నాయి. సంశయానికి తావెక్కడుంది?"

"జనాభా లెక్క ఏ జిల్లాది?"

"గోదావరి జిల్లాది."

"ఆనకట్ట పూర్తయ్యేనాటికి ఆ జిల్లా ఉందా?"

లేదు. అప్పటికి ఉన్నది రాజమండ్రి జిల్లా. 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి, గోదావరి, కృష్ణా అని రెండుగా విడదీశారు. మళ్ళీ 1904లో పడమటి డెల్టా తాలూకాలు కృష్ణా జిల్లాలోకి వెళ్ళిపోయాయి. ఆమె చేతిలోని హెమింగ్వే గెజిటీరు అచ్చయింది 1907లో. ఏ అంకె ఏ హద్దులకు చెందినదో సరిచూసుకోకుండా పక్కపక్కన పెడితే, వేరువేరు భూముల్ని పోల్చి జనం పెరిగారని చెప్పినట్టే.

"సరేనండీ, తాలూకా లెక్కలు తీసుకుంటాను. శిస్తు సంగతి మాత్రం ఖాయమే కదా?"

"1850ల నడిమి నుంచి మద్రాసు రాజధాని అంతటా ధాన్యం ధరలు పైకి పోయాయి. అంతకు ముందు రెండు దశాబ్దాలు అవి పడిపోయి ఉన్నాయి. ఆనకట్ట లేకపోయినా రైతు చేతికి నాలుగు డబ్బులు ఎక్కువ వచ్చే రోజులవి. పెరిగిన దాంట్లో నీటి వాటా ఎంత, ధర వాటా ఎంత?"

ఈసారి చాలాసేపు మాట్లాడలేదు. నేనూ తొందరపెట్టలేదు. పరిశోధన నేర్పే మనిషికి ఇంతకన్నా విలువైన సమయం ఉండదు. అప్పుడు నోరు మూసుకోవడం నేర్చుకోవాలి.

"ధరలు మెట్టలోనూ పెరిగే ఉంటాయి. మెట్టకు కాలవ నీరు రాలేదు. పెద్దాపురం మెట్టనీ మా పల్లపు తాలూకానీ ఒకే ఏళ్ళలో పక్కపక్కన పెట్టి చూస్తే?"

పేపరు అక్కడ పుట్టింది. ఆ మాట నేను చెప్పి ఉంటే అది నా పేపరు అయ్యేది. నేను చేర్చింది ఒక్క హెచ్చరికే: జమీందారీ గ్రామాలను ఆ లెక్కలో కలపవద్దని. 1802 తర్వాత జరిగిన శాశ్వత పరిష్కారంలో జమీందారు కట్టే పేష్కషు మారకుండా ఉండిపోయింది. పొలం రెట్టింపు పండినా సర్కారు పద్దులో ఆ పేష్కషు కదలదు. పోలిక సర్కారు గ్రామాల మధ్యే నిలుస్తుంది.

అప్పుడు ఆమె అసలు భయం బయటపెట్టింది. "తేడా పెద్దగా లేదని తేలితే ఏం చెయ్యాలండీ? మా ఊరి సెంటర్లో కాటన్ దొర విగ్రహం ఉంది. మే 15న దండ వేస్తాం. ఆ నీళ్ళ తిండి తిని పెరిగాను. ఆయన్ని తగ్గించి రాయలేను."

"దండ వెయ్యడం మానమని ఎవరన్నారు? నేనూ ఆ నీళ్ళ తిండి తిన్నవాణ్ణే. ఒక్క పని చెయ్యి. అంకెలు తెరవకముందే ఒక కాగితం మీద రాసుకో: ఫలానాది కనబడితే నేను అనుకున్నది తప్పని ఒప్పుకుంటాను అని. పల్లమూ మెట్టా ఒకే రేటున పెరిగితే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోవాలి."

"రాసి తేదీ వెయ్యి. అలాంటి వాక్యం ఒక్కటీ రాయలేకపోతే, నువ్వు రాస్తున్నది స్తోత్రం. స్తోత్రానికి దాని చోటు దానికుంది, సెమిస్టరు పేపరులో కాదు."

న్యాయశాస్త్రం చర్చను మూడు రకాలు చేసింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమంటూ లేకుండా ఎదుటివాణ్ణి కొట్టెయ్యడానికి చేసేది వితండం. మన విద్యార్థుల పేపర్లు ఎక్కువ భాగం జల్పాలని నా అభిప్రాయం. అనుకూలమైన నాలుగు వాక్యాలు ఏరి ముగింపుకు పరుగెత్తుతాయి. పూర్వపక్షాన్ని దాని పూర్తి బలంతో నిలబెట్టాకే సిద్ధాంతానికి రావడం మన పండితుల పద్ధతి. ధరల వల్లే శిస్తు పెరిగిందనే మనిషి తన వాదాన్ని ఎంత బాగా చెప్పుకోగలడో, అంత బాగా ఆమె అయిదో పేజీలో చెప్పాలి.

నోట్సు చూపించమన్నాను. నీలి సిరాతో ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక పేరా మీద వేలు పెట్టి అడిగాను.

"ఈ మాట నీదా, మోరిస్‌దా?"

హెన్రీ మోరిస్ 1878లో అచ్చువేసిన గోదావరి జిల్లా చరిత్ర తెరిచి వెతికింది. మొదటి రెండు వాక్యాలు ఆయనవే, మూడోది ఆమెది. పేజీ సంఖ్య లేదు. ఇంకో నెల పోతే మూడూ ఆమెవే అయిపోయేవి, ఆమెకు తెలియకుండానే. ముందు పుస్తకం పేరూ పేజీ రాసి, ఆ తర్వాతే విషయం ఎక్కించమన్నాను. సొంత ఆలోచన వేరే రంగు సిరాలో ఉండాలి.

"అన్నీ వాళ్ళవే అయితే నాదేముందండీ ఇందులో?"

"పెద్దాపురాన్నీ మీ పల్లాన్నీ పక్కపక్కన పెట్టాలని మోరిస్ అన్నాడా? అది నీది. ఎవరి దగ్గర ఏది తీసుకున్నావో స్పష్టంగా ఉంటేనే నీది ఎంతో కనబడుతుంది."

కాలం తక్కువ. మద్రాసు రాజధాని నాటి రెవెన్యూ బోర్డు కాగితాలు చూడాలంటే చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్సుకు వెళ్ళాలి. ఈ సెమిస్టరులో ఒక్కసారి వెళ్ళిరావడమే గగనం. అందుకని ఒక పల్లపు తాలూకా, ఒక మెట్ట తాలూకా, పని మొదలైన ఏటి నుంచి పదిహేనేళ్ళు, అంతే. వాటి జమాబందీ నివేదికలు దొరికితే పేపరు నిలబడుతుంది. దొరక్కపోతే అచ్చులో ఉన్నదాంతో ఏ మేరకు చెప్పవచ్చో ఆ మేరకే చెప్పాలి. ఏళ్ళు ఫసలీలో ఉంటాయి కనుక 590 కలుపుకోవాలి: ఫసలీ 1257 అంటే 1847 జూలైలో మొదలయ్యే ఏడు. ముందుమాట అన్నిటికన్నా చివర రాయమన్నాను.

అంతా రాసుకుని పుస్తకం మూయబోతూ ఆగింది.

"ఆ లెక్కలు రాసింది కరణాలే కదండీ. సాగైన భూమి తక్కువ చేసి రాసి ఉంటే?"

"రాసే ఉంటారు. మెట్ట కరణమూ పల్లపు కరణమూ ఒకేలా తగ్గించి ఉంటే నీ పోలికకు ఏమవుతుంది?"

"ఏమీ కాదు. రెండు పక్కలా అంతే తగ్గుతుంది." మళ్ళీ కలం తీసింది. "కానీ పల్లంలో దాచుకోవడానికి ఎక్కువ ఉంది. అక్కడ ఎక్కువ దాచి ఉంటే, అసలు తేడా కాగితం మీద కనబడే దానికన్నా పెద్దది. దీనికో పేజీ పడుతుందండీ."

"రెండు పడతాయి. చారిత్రక నేపథ్యంలోంచి కొట్టెయ్యి."