నిమిషం పాటు చేయి పట్టుకుని

తెల్లవారుజామున హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో గాలి కాస్త తేలిగ్గా ఉంటుంది. మెట్రో ఇంకా మొదలుకాదు. ఎల్బీనగర్ చౌరస్తాలో మాత్రం విజయవాడ రోడ్డు మీదుగా వచ్చిన బస్సులు జనాన్ని దింపుతుంటాయి. సూర్యాపేట నుంచో నల్లగొండ నుంచో వచ్చినవాళ్లలో కొందరి చేతుల్లో ఎక్స్‌రే కవర్లుంటాయి. డాక్టరు వచ్చే వేళ దాకా ఏ ఆసుపత్రి మెట్ల మీదో కూర్చుంటారు. వాళ్లలో ఆయాసపడే మనిషిని గుర్తుపట్టడం కష్టం కాదు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి ఉంటాడు. ఎవరూ నేర్పకుండానే ఒళ్లు ఆ తీరును ఎలా కనుక్కుంటుందో!

నర్సింగ్ విద్యార్థులకు తొలి రోజుల్లో చెప్పే పాఠమూ ఇదే. వెల్లకిలా పడుకుంటే పొట్టలోని భాగాలు పైకి జరిగి డయాఫ్రమ్‌ను నొక్కుతాయి. లేచి కూర్చుంటే ఆ బరువు కిందికి దిగుతుంది, ఊపిరితిత్తులకు చోటు దొరుకుతుంది. అందుకే మంచాన్ని తలవైపు ఎత్తుతారు. లేదంటే ఎదురుగా బల్ల వేసి, దాని మీద దిండు పెట్టి వాలమంటారు. మందు పనిచేసేలోగా ఆ దిండే కొంత ఊరట. ఒళ్లు తనంతట తాను వెతుక్కుంటున్నదేమిటో గమనించి దాన్ని అందించడమే సేవకు మొదలేమో అనిపిస్తుంది.

అమెరికా నర్సు వర్జీనియా హెండర్సన్ అంతర్జాతీయ నర్సుల మండలి కోసం రాసిన చిన్న పుస్తకం 1960లో వచ్చింది. మనిషి ప్రాథమిక అవసరాలను ఆమె 14గా లెక్కగట్టింది. మొదటిది ఊపిరి. రెండోది తిండీ నీళ్లూ. మూడోది మలమూత్ర విసర్జన. ప్రార్థన, పని, వినోదం, చదువు చివర్న వస్తాయి. బాగా బతకడమంటే ఏమిటని ఆలోచించేటప్పుడు ఆ జాబితాను చివరి నుంచే చదువుతుంటాం. మొదటి మూడూ సాఫీగా సాగినన్నాళ్లూ అవి ఉన్నట్టే తెలియదు. సుఖమనేది తెలియకుండా జరిగిపోయేదా, లేక జరుగుతోందని తెలుసుకున్నప్పుడు కలిగేదా? రెండూ నిజమే కావచ్చు.

శ్వాసను లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది. నర్సు ముందు మణికట్టు పట్టుకుని నాడి చూస్తుంది. అది పూర్తయినా చేయి వదలదు. వేళ్లు అక్కడే ఉంచి, చూపు మాత్రం మెల్లగా ఛాతీ మీదికి మళ్లిస్తుంది. ఛాతీ ఒకసారి లేచి దిగితే ఒకటి. అలా నిండా ఒక నిమిషం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు 12 నుంచి 20 మధ్య వస్తుంది. ఊపిరి లెక్కపెడుతున్నట్టు రోగికి చెప్పరు. చెబితే ఊపిరి మారిపోతుంది. నాడి చూస్తున్నారనే అనుకుని అతను మామూలుగా ఉండిపోతాడు.

ఈ పద్ధతి గురించి ఎంత ఆలోచించినా తనివి తీరదు. శ్రద్ధగా చూడటమంటే కళ్లు అప్పగించి చూడటమే అనుకుంటాం. ఇక్కడ శ్రద్ధ అంతా ఎదుటివాడికి బరువు కాకుండా ఉండటంలో ఉంది. ఇంట్లో ఒకరికి బాగోలేనప్పుడు నలుగురం చుట్టూ చేరి గుచ్చిగుచ్చి అడుగుతాం. ప్రేమతోనే అడుగుతాం. కానీ ఆ ప్రేమ కింద పాపం ఆ మనిషి ఊపిరి ఎలా ఆడుతోందో!

ఇచ్చేదానికీ కొలత ఉంది. ఏళ్ల తరబడి పొగకు దెబ్బతిన్న ఊపిరితిత్తులున్న కొందరికి ఆక్సిజన్ ఎక్కువైనా ముప్పే. అలాంటివాళ్లకు ఆక్సీమీటర్‌లో 88 నుంచి 92 శాతం మధ్య కనిపిస్తే చాలంటారు. ప్రాణవాయువుకే చాలు అన్న హద్దు ఉందంటే, మిగతావాటి సంగతి ఏమనుకోవాలి?

ఊపిరి సంగతి నలుగురిలో చెప్పుకోగలం. ఒంటికి పోవడం గురించి చెప్పుకోలేం. ఇంట్లో పెద్దాయన రాత్రిపూట కొడుకునో కోడలినో లేపడం ఇష్టంలేక సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తాడు. పెట్టిన గ్లాసు పెట్టినట్టే ఉంటుంది. మూత్రం చిక్కబడుతుంది, మంట మొదలవుతుంది, ఇన్‌ఫెక్షన్‌కు దారి పడుతుంది. ఆ జబ్బు మూలం అడగలేని మొహమాటంలోనూ ఉంది. నిండుగా మిగిలిన ఆ గ్లాసును ఎవరు చూస్తారు?

వార్డులో మూత్రం రాక అవస్థపడే రోగికి ముందు చేసేవి చిన్న పనులే. చుట్టూ తెర లాగుతారు. వీలైతే లేపి కూర్చోబెడతారు, మగవాళ్లనైతే నిలబెడతారు. దగ్గర్లో కుళాయి తిప్పి నీటి చప్పుడు వినిపిస్తారు. తర్వాత పక్కకు తప్పుకుంటారు, పిలిస్తే వినిపించేంత దూరంలో ఉంటారు. తొందరపెడితే వచ్చేదీ రాదు. క్యాథెటర్ చివరి మార్గం. వేశాక సంచి మూత్రాశయం కన్నా కిందుగా వేలాడాలి, నేలకు తగలకూడదు, గొట్టం మెలిక పడకూడదు. ఎన్ని రోజులుంటే అంత ఇన్‌ఫెక్షన్ భయం కనుక, అవసరం తీరగానే తీసేస్తారు.

సంచిలో పడ్డది కొలిచి చార్టులో రాస్తారు, తాగిన నీళ్లూ రాస్తారు. పెద్దవాళ్లకు రోజుకు లీటరున్నర దాకా రావడం మామూలు. 400 మిల్లీలీటర్లకు తగ్గితే డాక్టరుకు వెంటనే చెప్పాల్సిందే. ఎవరూ చదివి మెచ్చుకోని ఆ అంకెల మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంటుంది. అర్ధరాత్రి ఆ అంకె వేసే చేతికి తృప్తి ఎక్కడి నుంచి వస్తుందో. పని సరిగ్గా జరిగిందన్న ఎరుకే సరిపోతుందేమో.

ఆ దిల్‌సుఖ్‌నగర్ దగ్గర్లోనే ఒకప్పుడు లారీల కొద్దీ మామిడికాయలు దిగిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలింది. ఆ స్థలంలో పెద్ద ప్రభుత్వాసుపత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది. పెద్ద యంత్రాలు కావాలి, కాదనలేం. వాటితోపాటు ప్రతి మంచానికీ ఒక తెర ఉండాలి. రోగి చేయి పట్టుకుని నిండా ఒక నిమిషం నిలబడే తీరిక ప్రతి నర్సుకూ ఉండాలి.