వరస చదవడం నేర్చుకో నాయనా

నాయనా, సెలవులకి విజయపురి సౌత్ వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. నల్ల తెర మీద మట్ అనే ఈమెయిల్ ప్రోగ్రాం తెరిచి, కింది బాణం మీట అదే పనిగా నొక్కుతూ కూర్చుంటున్నావు. మంచి ప్రోగ్రామే పట్టావు. 1995లో మైకేల్ ఎల్కిన్స్ రాసింది, ఇప్పటికీ నిలిచింది. ఆ ఏడు ఆగస్టు 15నే మన దేశంలో వీఎస్ఎన్ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. షెల్ అకౌంట్లున్నవాళ్ళం పైన్ అనే మెయిల్ ప్రోగ్రాంలో ఇలాగే ఉత్తరాలు చూసుకునేవాళ్ళం. అంతా అక్షరాలే కాబట్టి సిగ్నల్ సన్నగిల్లినా పని నడుస్తుంది.

కానీ ఉత్తరం తెరిచే ముందు జాబితాలో దాని వరస చదవాలి. నంబరు, గుర్తు, తేదీ, పంపినవారు, విషయం అన్నీ అక్కడే ఉంటాయి. నీ కన్ను విషయం మీదికే పరుగెడుతోంది. ముందు గుర్తు చూడు. ఎన్ ఉంటే కొత్తది. చిన్న ఆర్ ఉంటే జవాబిచ్చేశావు. ఓ ఉంటే ఎప్పుడో వచ్చింది, నువ్వింకా చదవలేదు. నాకు బెంగంతా ఆ ఓ గురించే.

జె కిందికి, కె పైకి, టాబ్ కొడితే నేరుగా చదవని దాని దగ్గరికి. ఇవి రెండ్రోజుల్లో వేళ్ళకి అలవాటవుతాయి. అసలు పనిముట్టు ఎల్. మన నాగార్జునసాగర్ డ్యాం 26 గేట్లూ ఊరికే ఎత్తరు కదా, వరదని బట్టి కావలసినన్నే ఎత్తుతారు. నువ్వూ అంతే. ఎల్ నొక్కి, టిల్డా (~), చిన్న ఎఫ్, పక్కన పేరు కొడితే ఆ మనిషి పంపినవే తెర మీద నిలుస్తాయి. మళ్ళీ ఎల్ నొక్కి ఆల్ అని కొడితే మొత్తం వచ్చేస్తాయి. ఓ, తర్వాత టి నొక్కితే ప్రశ్న కింద దాని జవాబులు చెట్టులా అమరుతాయి. ఎవరు ఎవరికి బదులిచ్చారో అప్పుడు తెలుస్తుంది.

తుడిచేటప్పుడు మాత్రం తొందరపడకు. డి నొక్కితే గుర్తు పడుతుందంతే, ఉత్తరం ఇంకా ఉంటుంది. యు నొక్కితే గుర్తు పోతుంది. డాలర్ గుర్తు నొక్కాక ఇక వెనక్కి రాదు. చెయ్యి జారిందని అనుమానమొస్తే ఎక్స్ నొక్కి బయటికి వచ్చెయ్, ఏ మార్పూ జరగదు.

ఈ రాత్రి పడుకోబోయే ముందు ఎల్ నొక్కి, టిల్డా పక్కన పెద్ద ఓ కొట్టి చూడు. అందులో మీ మాస్టారి ఉత్తరం ఏదైనా ఉంటే వెంటనే జవాబు రాసెయ్ నాయనా.