బరువు ఎవరి భుజాన?

ప్రయాణానికి సామాను తక్కువ తెచ్చుకునేవాళ్ళంటే లోకానికి భలే గౌరవం. భుజాన ఒక్క సంచీ తగిలించుకుని చేతులూపుకుంటూ రైలెక్కే మనిషిలో ఏదో వైరాగ్యం ఉన్నట్టు తోస్తుంది. రెండు పెట్టెలు, మూడు సంచులు, ఒక నీళ్ళ క్యానుతో ఆపసోపాలు పడే ఇల్లాలిని చూస్తే మాత్రం నవ్వొస్తుంది. ఆ గౌరవమూ ఈ నవ్వూ న్యాయమైనవేనా అని నా సందేహం.

మా సిద్దిపేటవాళ్ళకు కళ్ళనిండా నీళ్ళు చూడాలంటే కోమటిచెరువే. 2023 అక్టోబరులో మా ఊరికి రైలు వచ్చిందిగానీ సముద్రం రాలేదు కదా! సికింద్రాబాదులో బండి మారి, బాపట్లలో దిగి, అక్కణ్ణించి సూర్యలంక ఒడ్డుకు పోవాలి. దూరం పెరిగినకొద్దీ భయం, భయం పెరిగినకొద్దీ సామాను. "ఆడ ఏం దొరుకుతదో, ఏం దొరకదో" అంటూ సకినాల డబ్బా, మామిడికాయ తొక్కు, దుప్పట్లు, ఆఖరికి స్వెటర్లు కూడా పెట్టెలోకెక్కుతాయి.

నిజానికి సముద్రపుటొడ్డు మనల్ని అడిగేది చాలా తక్కువ. ఆ ఉక్కపోతకూ ఉప్పుగాలికీ పట్టుచీర దండగ. గాలిలో తేమవల్ల మందపు బట్ట ఓ పట్టాన ఆరదు. పలచని నూలుబట్టలు మూడు జతలు, ఒక తువ్వాలు, రబ్బరు చెప్పులు, టోపీ, రోజూ వేసుకునే మందులు, తడిబట్టలకో సంచీ. ఒకటి ఉతికి ఒకటి కట్టుకుంటే వారం గడిచిపోతుంది. ఇంతవరకూ లెక్క సులువే.

చిక్కంతా ఆ తర్వాతే. చిన్న సంచీతో వచ్చిన పెద్దమనిషి మర్నాడు పొద్దున్నే "దువ్వెన ఉందా? తలనొప్పి మాత్ర ఉందా? ఇంకో తువ్వాలు తెచ్చావా?" అంటాడు. ఎవరిని? ఇందాక మనం నవ్వుకున్న ఇల్లాలినే! అంటే ఆయనగారి తేలిక, ఆవిడ పెట్టెలో బరువై కూర్చుందన్నమాట. మంచినీళ్ళు మోయడం ఎందుకని సీసాలు కొనుక్కుని, ఖాళీవి ఇసుకలో పారేసేవాళ్ళదీ ఇదే తేలిక. ఆ బరువు మర్నాడు ఊడ్చే మనిషి బుట్టలోకి చేరుతుంది.

మరి మహానుభావుల మాటేమిటంటారా? యోగసూత్రాలు అపరిగ్రహాన్ని ఐదు యమాల్లో ఒకటిగా చెప్పాయి. దిగంబర జైనమునులు నెమలిపింఛపు కుంచె, కమండలం పట్టుకుని ఊళ్ళు తిరుగుతారు. అది గొప్పే. కాని ఏ ఇంట్లోనో ఒక తల్లి పొయ్యి వెలిగించకపోతే ఏ ముని నడకా సాగదు. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే మన తెలంగాణ పల్లెల్లో నడుస్తూ పోచంపల్లికి వచ్చారు. భూమిలేని దళితుల కోసం ఆయన అడిగితే వెదిరె రామచంద్రారెడ్డిగారు వంద ఎకరాలిస్తామన్నారు. తనకేమీ వద్దనుకున్న మనిషి చేతులు, ఇంకొకళ్ళ బరువు దించడానికి పనికొచ్చాయి చూడండి! తేడా అక్కడుంది.

మా ఊరి నేతన్నలు చీరమీద నేసే గొల్లభామ నెత్తిన కుండతోనే ఉంటుంది. ఆ బరువు చూసి ఎవరూ నవ్వరు. ఊళ్ళో పిల్లలు తాగేది ఆ కుండలోనిదే గనక.

అందుకని సామాను ఎన్ని కిలోలని తూచడం నాకు సమ్మతం కాదు. ఎవరి సంచీ వాళ్ళే సర్దుకుని, వాళ్ళే మొయ్యాలి. ఏడేళ్ళ పిల్లాడైనా తన చెడ్డీలు తను పెట్టుకోగలడు. అందరి మందులపెట్టె మాత్రం వంతులవారీగా మోద్దాం. మోకాళ్ళనొప్పుల అత్తమ్మకూ, చంటిపిల్ల తల్లికీ మినహాయింపు. మన చేతులు కాస్త ఖాళీగా ఉంచుకునేది వాళ్ళ పెట్టె అందుకోవడానికే కదా! అలా అందుకోని ఖాళీచేతులకు వైరాగ్యమని పేరెందుకు? బద్ధకమంటే సరిపోదూ?