తినని దానిని గూర్చి



మొన్న వేసవిలో ఒక ఆదివారము, ఆరాధన ముగిసిన తరువాత, మేము బెంగుళూరు ఇందిరానగర్‌లోని ఒక వీగన్ భోజనశాలకు వెళ్ళాము. మాకై మేము వెళ్ళేవారము కాము. మన సంఘపు పాటల బృందములో పాడే ఒక అమ్మాయి తన తల్లిదండ్రుల ముప్పదవ పెండ్లి రోజుకు భోజనము పెట్టిస్తానని, మమ్మును కూడా రమ్మని పిలిచినది. కనిగిరి వైపు నుండి వచ్చిన ఆమె నాయనమ్మగారు కూడా మాతో ఉన్నారు. ఎనుబది దాటిన మనిషి. ఆ పిలుపు వచ్చినప్పుడు మాకు సంతోషము కంటె సిగ్గు ఎక్కువ కలిగినది. ఎందుకో కొంచెము ఆగి చెబుతాము.

వీగన్ అంటే శాకాహారమే కదా అని మనలో చాలామంది అనుకుంటారు. కాదు. మాంసము, చేప, గ్రుడ్డుతోబాటు పాలు, పెరుగు, నెయ్యి, చివరకు తేనె కూడా ముట్టరు. 1944లో ఇంగ్లాండులో డోనాల్డ్ వాట్సన్ అనే ఆయనయు, ఆయన స్నేహితులు కొందరును కలిసి వీగన్ సొసైటీని పెట్టారు. వెజిటేరియన్ అనే మాటలోని మొదటి అక్షరాలను, చివరి అక్షరాలను కలిపి ఆ పేరు చేశారు. లాల్‌బాగ్ దగ్గర నేతి దోసెకు వరుసలో నిలబడే ఈ ఊరిలో నెయ్యి లేని హోటలు నిలుస్తుందా అని మేము అనుకున్నాము గాని, ఆ మధ్యాహ్నము మాకు బల్ల దొరకడానికే ఇరువది నిమిషాలు పట్టినది.

మెనూ చదివి నాయనమ్మగారికి వినిపించాము. వేరుశెనగ పాలతో తోడుపెట్టిన పెరుగు, జీడిపప్పు చీజు, పనసకాయ బిరియాని, కొర్రల బిసిబేళె బాత్. కొర్రల దగ్గర ఆమె మమ్మును ఆపారు.

“కొర్రలంటే మన కొర్రలేనా అయ్యా?”

“అవునమ్మా.”

“ఎంతంట?”

మూడు వందల ఎనుబది రూపాయలని చెప్పాము. ఆమె నోటికి కొంగు అడ్డము పెట్టుకొని చాలాసేపు నవ్వారు. తరువాత, “వరన్నం తినే ఇళ్ళకాడ కొర్రన్నం మాట ఎత్తేదాన్ని కాదు, నవ్వుతారని” అన్నారు.

ఆ నవ్వులో ఉన్నది మన అందరి చరిత్రే. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీగారు కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు సిరిధాన్యములని ఊరూరా తిరిగి చెప్పి, 2023లో పద్మశ్రీ అందుకున్నారు. అదే సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరముగా జరిపినది. పేదవాడు తిన్నంతకాలము అది పేద తిండి. ఇప్పుడు ఆరోగ్యము.

ఇక సిగ్గు సంగతి. అంతకు ముందు క్రిస్మస్ ప్రేమవిందులో అందరమును బంతిలో కూర్చున్నాము. ఈ అమ్మాయి బిరియాని వద్దని, ఇంటి నుండి తెచ్చుకొన్న డబ్బా తెరిచినది. కొందరు పెద్దలకు కష్టము కలిగినది. “మన తాతలు ఎవరి అరుగు క్రింద నిలబడి తిన్నారో ఈ పిల్లకు ఎవరైనా చెప్పారా?” అని ఒకరు అన్నారు. మేము అంతటితో ఆగలేదు. ఉద్యోగము వచ్చినది, మన తిండి అంటే నామోషీ అయినదని ఆమె తల్లితోనే అన్నాము. ఆ తల్లి ఆ మాటను ఇంటికి తీసుకొని వెళ్ళినది.

భోజనశాలలో ఆ అమ్మాయే మెల్లగా ఎత్తినది. “అంకుల్, నేను తినంది కోడి కోసం. మీరు మీ కోసం అనుకున్నారు.”

మాకు వెంటనే జవాబు రాలేదు. అనుకోవడానికి మాకు కారణము లేకపోలేదు. ఈ ఊరిలో అద్దె ఇంటికి తిరిగినవారందరికి తెలిసిన ప్రశ్న ఒకటి ఉన్నది: “మీరు వెజ్జా, నాన్‌వెజ్జా?” అది వంటను గూర్చిన ప్రశ్న కాదు. కులము పేరు అడుగకుండ కులము అడిగే మర్యాద అది. మా మొదటి ఉద్యోగపు రోజులలో ఒకే వీధిలో మూడు ఇళ్ళ గుమ్మాల నుండి ఆ ప్రశ్నతోనే వెనుకకు వచ్చాము. ‘నేను అది తినను’ అన్న మాట వింటే, దాని వెనుక ‘నీతో తినను’ అనే మాటే మా చెవులకు ముందు వినబడుతుంది. అది ఆ పిల్ల తప్పు కాదు. మా చెవులకు ఉన్న పాత గాయము.

అయితే మాంసము మానడము సరే, పాలు ఏమి చేశాయి అని అడిగాము. ఆమె చెప్పినది ఇది. గేదె ఈనితేనే పాలు. దున్నదూడ పుడితే ఎవరు మేపుతారు? వట్టిపోయిన గేదె ఎక్కడికి పోతుంది? పాల ఉత్పత్తిలో మన దేశము ప్రపంచములో మొదటిది, గేదె మాంసపు ఎగుమతిలోను ముందు వరుసలో ఉన్నది. ఈ రెండు లెక్కలును ఒకే గేదెవి అన్నది.

అప్పుడు నాయనమ్మగారు తల ఎత్తి, “అది చస్తే మా నాయన ఈడ్చుకు పొయ్యేవాడు” అన్నారు. “పాలు తాగినోళ్ళ చేతులు శుభ్రం. దాన్ని మోసినోళ్ళ చేతులు మైల.”

బల్ల దగ్గర కొంతసేపు ఎవరమును మాటలాడలేదు. ఏ పుస్తకములోను మాకు ఇంత సూటిగా కనబడలేదు. పాలు, నెయ్యి తిని శుచిగా ఉన్నామనుకొనే ఇంటి వెనుక చచ్చిన పశువును మోసే మనిషి ఒకడు ఎప్పుడును ఉన్నాడు. నెయ్యి కూడా మానిన ఈ అమ్మాయి ఆ శుచి మెట్టు ఎక్కడము లేదు, దానినే ప్రశ్నిస్తున్నది. మేము క్రిస్మస్ నాడు సరిగా తలక్రిందులుగా అర్థము చేసికొన్నాము.

మన పితరులు కూడా ఒకటి తినమన్నవారే. 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘము ఏర్పడినది. తోళ్ళ వర్తకుడైన యెర్రగుంట్ల పేరయ్యగారి వలన సువార్త మాదిగపల్లెలలోకి పోయినది. క్రొత్తగా చేరినవారికి చెప్పిన నియమాలు మూడే: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువును తినరాదు, విగ్రహాలకు మ్రొక్కరాదు. వీటిని పాటించినందుకు వారు ఊరి పెద్దల చేతిలో పడిన బాధలు మనము మన ఇండ్లలోనే విన్నాము. చచ్చిన గొడ్డు వారి వంతు అని ఊరు నిర్ణయించినది. ‘మాకు వద్దు’ అన్నప్పుడు వారు ఎవరి కంటెను పై మెట్టు ఎక్కలేదు, తమ మెడ మీది కాడి దించుకొన్నారు. మరి 1876-78 కరువులో, దొరగారు గుత్తకు తీసుకొన్న బకింగ్‌హాము కాలువ పనిలో మట్టి మోసినవారికి వద్దనే మాటే ఎక్కడిది? అది ఎంతో కొంత కడుపు నిండినవాని మాట. ఇందిరానగర్‌లో మూడు వందల ఎనుబది రూపాయల పళ్లెము ముందు ఈ సంగతి మరచిపోకూడదని మేము అన్నాము.

ఇంకొకటి కూడా అన్నాము. ఆ జీడిపప్పు చీజు సంగతి. శ్రీకాకుళము జిల్లా పలాసలో జీడి గింజలు ఒలిచే పనిలో స్త్రీలే ఎక్కువ. జీడి నూనె తగిలితే చర్మము కాలుతుంది. పశువుకు హాని లేని ఆ ముద్దలో మనిషి చేతుల మంట లేదా?

“ఉంది అంకుల్. దానికి నా దగ్గర జవాబు లేదు” అన్నది. వాదము గెలువడానికి వచ్చిన పిల్ల అయితే ఆ మాట అని ఉండదు. బి12 మొక్కలలో దొరకదని, మాత్ర వేసుకొంటున్నానని కూడా, మేము అడుగక ముందే తల్లి వైపు చూచి చెప్పినది.

పౌలు రోమా సంఘమునకు వ్రాసినప్పుడు కూరగాయలే తినేవారును, అన్నియు తినేవారును ఒకే సంఘములో ఉన్నారు. తినేవాడు తిననివానిని చులకన చేయవద్దనియు, తిననివాడు తినేవానికి తీర్పు తీర్చవద్దనియు ఆయన ఇరువురికిని చెప్పాడు. రెండవ సగము మనము చాలాసార్లు చెప్పుకొన్నాము. మొదటి సగము మన కొరకు అని మాకు తోచలేదు. అదే పౌలు అంతియొకయలో పేతురును ముఖాముఖిగా నిలదీసినది పళ్లెములో ఏమున్నదని కాదు. బంతిలో నుండి లేచిపోయినందుకు. ఈ అమ్మాయి డబ్బా తెరిచినది గాని బంతిలో నుండి లేవలేదు. ఆమె ప్రక్క చోటును ఖాళీగా వదలినది మనలోనివారే.

లేవబోతూ ఆమె తల్లిని క్షమించమని అడిగాము. ఆమె “పోనివ్వండి అన్నయ్యగారూ” అన్నది. అంత సులభముగా పోయినట్లు మాత్రము మాకు తోచలేదు.

వచ్చే కోత పండుగకు బంతిలో ఏమి వండాలని స్త్రీల సమాజమువారు ఇప్పటికే మాటలాడుకొంటున్నారు. మాంసపు కూర ఉంటుంది. నూనెతో తాళించిన పప్పు, కొర్రన్నము కూడా ఉంటాయి. కొర్రన్నము వార్చే విధము నాయనమ్మగారు చూపిస్తామన్నారు. ఆ అమ్మాయి వడ్డనకు వస్తానన్నది. ఏ గిన్నె పట్టుకొంటావమ్మా అని మేము అడుగలేదు.