ఎవరి కాలంతో చదువుతున్నాం?

"ఉద్యోగం చేస్తూ చదువుకునే ఇంజనీర్ల కోసం" అని ప్రకటించే కోర్సుల మీద నాకు చాలాకాలంగా ఒక అనుమానం ఉంది. చదువు మీద కాదు, ఆ మాట మీద. ఆఫీసు అయిపోయాక మిగిలే సాయంత్రాలూ, ఆదివారాలూ ఆ మనిషి సొంతమనీ, వాటిని చదువుకి మళ్లిస్తే చాలుననీ ఆ మాట ముందే అనేసుకుంటుంది. అలాంటి సాయంత్రాలు ఎవరికి ఉంటాయి? అవి ఎక్కడినుంచి వస్తాయి?

ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్ అంటే యంత్రం తెలిసిన మనిషికి మనుషుల్నీ, డబ్బునీ, గడువుల్నీ నడపడం నేర్పే చదువు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని రోలాలో 1967లోనే దీనికి ప్రత్యేక విభాగం పెట్టారు. మన దేశంలో బిట్స్ పిలానీ 1979 నుంచీ ఉద్యోగస్తులకి కోర్సులు నడుపుతోంది. హైదరాబాద్‌లో ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ సాయంకాలపు ఎం.ఇ. తరగతులు చాలామందికి తెలిసినవే. డిజైన్ టేబుల్ దగ్గరో, సైట్ మీదో పదేళ్లు పనిచేసినవాళ్లు పైమెట్టు ఎక్కడానికి ఈ చదువులు నిచ్చెన. ఆ నిచ్చెన మీదకి ఆడవాళ్లు రావాలనే నా కోరిక. ముప్పై ఎనిమిదో ఏట నేనూ ఎక్కాను.

ఆ చదువులో రెండు పాఠాలు నన్ను వదల్లేదు. ఒకటి క్రిటికల్ పాత్. ఒక ప్రాజెక్టులో ఏ పనులు ఒక్కరోజు ఆలస్యమైనా మొత్తం ఆలస్యమవుతుందో, ఆ పనుల వరుస అది. రెండోది, ఒకటి ఎంచుకున్నందుకు వదులుకున్న దాని విలువని కూడా ఖర్చుగా రాసుకోవాలనే సూత్రం. ఒకసారి మా చదువుకి అయ్యే అసలు ఖర్చు లెక్కకట్టమన్నారు. ఫీజు, పెట్రోలు, పోయిన ఓవర్‌టైం అన్నీ రాశారు అందరూ. ఆ ఆదివారం ఇంట్లో అన్నం ఎవరు వండారో, పిల్లల జ్వరం ఎవరు చూశారో ఏ కాగితం మీదా లేదు. "మా ఆవిడ అన్నీ చూసుకుంటుందండీ, సమస్యే లేదు" అన్నాడు పక్క కుర్చీ అతను. మంచివాడే. కానీ అతని క్రిటికల్ పాత్ మొత్తం ఆవిడ మీదుగా పోతోంది. ఆవిడ ఒక్కరోజు ఆగితే అతని డిగ్రీ ఆగిపోతుంది. అయినా ఆ పటంలో ఆవిడ లేదు.

ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు. 2024లో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే ఇస్తున్నారు. మగవాళ్లు ఇస్తున్నది 88 నిమిషాలు. 2019లో ఈ అంకెలు 299, 97. మగవాడి ఖాళీ సాయంత్రం ఈ తేడాలోంచే వస్తుంది. అదే ఆడమనిషి చదవాలంటే ఆ గంటలు తన నిద్రలోంచి తీసుకోవాలి, ఆపైన అనుమతి అడగాలి.

"ఇంట్లో లెక్కలేమిటి? ప్రేమకి గంటలు కడతారా?" అంటారు. ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. ప్రతి కాఫీ గ్లాసుకీ ధర రాసే ఇల్లు నాకూ అక్కర్లేదు. అయితే కానుక అనిపించుకోవడానికి కొన్ని లక్షణాలుండాలి. ఇచ్చేవాళ్లకి ఇవ్వననే వీలుండాలి. పుచ్చుకున్నవాళ్లకి పుచ్చుకున్నామనే ఎరుకుండాలి. రేపు అటువైపు అవసరమొస్తే తిరిగి ఇచ్చే మనసుండాలి. ఈ మూడూ లేనిచోట దాన్ని కానుక అనడం మర్యాద కోసమే. పైగా లెక్కలొద్దనేవాళ్లు ఒకవైపు లెక్క బాగానే రాసుకుంటారు. సర్టిఫికెట్ మీద ఒక్క పేరే ఉంటుంది, ప్రమోషనూ ఆ పేరుకే వస్తుంది. ఫలితం ఒకరి ఖాతాలో పడుతూ, పెట్టుబడి మాత్రం ప్రేమ పేరుతో లెక్కకి అందకుండా పోతే అన్యాయం అక్కడే ఉంది.

ఈ రంగపు చరిత్రలోనే లిలియన్ గిల్‌బ్రెత్ ఉంది. పన్నెండుమంది పిల్లల్ని కన్న ఆవిడ 1914లో మేనేజ్‌మెంట్ మనస్తత్వం మీద పుస్తకం వేస్తే, ఆడమనిషి అని తెలియకుండా పేరుని పొడి అక్షరాల్లో దాచి అచ్చువేశారు. 1915లో బ్రౌన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకుంది. 1924లో భర్త పోగానే కొన్ని కంపెనీలు ఆవిడతో ఒప్పందాలు కొనసాగించలేదు. తర్వాత వంటిళ్లలో ఆడవాళ్ల అడుగులు తగ్గించే పరిశోధన చేసింది. 1935లో పర్డ్యూలో ప్రొఫెసర్ అయింది. ఇంత పని చేయగలగడానికి ఆ ఇంట్లో అత్తగారూ, జీతగాళ్లూ ఉన్నారు. మన తెలుగింటి ఎ. లలిత పద్దెనిమిదేళ్లకే భర్తని పోగొట్టుకుని, చంటిబిడ్డతో మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివింది. ఆవిడ వెనకా పుట్టింటివాళ్ల చేతులున్నాయి. ఇది వాళ్ల గొప్పతనాన్ని తగ్గించదు. ఒంటరిగా చదివినవాళ్లెవరూ లేరని మాత్రం చెబుతుంది.

అక్కడ ఇంకో మెట్టు కింద ఇంకో ఆడమనిషి కనిపిస్తుంది. నేను చదువుకున్న రెండేళ్లూ మా పాపని చూసుకున్నావిడ తన పిల్లల్ని పక్కింట్లో వదిలి వచ్చేది. జీతమిచ్చాను నిజమే. కానీ నేను కొన్న గంటలు నన్ను పైకి ఎక్కించాయి, ఆవిడ అమ్మిన గంటలు ఆవిడని ఉన్నచోటే ఉంచాయి. స్త్రీల విముక్తి గురించి మాట్లాడే మనం ఈ తేడాని జీతంతో చెల్లిపోయిందనుకోలేం.

అయితే చదువు మానేయాలా? మానేయమని ఎప్పుడూ ఆడవాళ్లనే అడుగుతారు కాబట్టి ఆ జవాబు నాకొద్దు. నేనిప్పుడు ఒక బృందానికి మేనేజరుని. పై చదువుకి ఆఫీసు సమ్మతి పత్రం కావాలని పిల్లలు వస్తారు. "ఇల్లెవరు చూస్తారు?" అని అమ్మాయిని అడిగితే వివక్ష. అబ్బాయిని అడక్కపోతే అతని వెనకున్న మనిషిని చెరిపేసినట్టు. చాలా రోజులు ఈ రెంటి మధ్యా ఆలోచించాను. అడగాల్సింది వాళ్లని కాదు. ఆ చదువుతో రేపు లాభపడేది ఎవరు? కంపెనీ. ఒక్క పనిగంట పోగొట్టుకోకుండా దానికో మేనేజరు తయారవుతాడు, ఖర్చంతా ఇళ్లు భరిస్తాయి. అందుకే వారంలో ఒక పూట పని కాలంలోంచే చదువుకి ఇవ్వాలని నేను వాదిస్తున్నాను. ఇస్తే పనిచేసే ఆడదానికీ, చదివే మగవాడి భార్యకీ ఇద్దరికీ కొంత కాలం మిగులుతుంది.

దీంతో అంతా తీరిపోదు. ఆ పూట మిగిలితే అతను ఇంటికే వెళతాడని నమ్మకం లేదు. బాకీ తీరాలంటే తీసుకున్న గంటలు గంటలుగానే వెనక్కి రావాలి. కృతజ్ఞతగా ఓ చీర తెస్తే చాలదు. భర్త చదివిన రెండేళ్లకి భార్యకి రెండేళ్లు, నేను చదివిన రెండేళ్లకి మా పాపని చూసుకున్నావిడ పిల్లల చదువు. ఇది దయ కాదు. బోర్డు మీద నేర్చుకున్న ఖర్చు లెక్కని చివరిదాకా చేయడమే.